రెండు పొట్లాల్లోనూ ఎర్రపూవే

తమిళుల ఆడి నెల రెండో శుక్రవారం, పొద్దున పదిన్నర. కోయంబత్తూరు పోయే టౌన్ బస్సు అప్పుడే మా కులదేవత గుడి ముందునుంచి పోయింది. ఆస్పత్రికి పోవడానికి అందులో మేముండాల్సింది. మా ఆయన కాలి చిటికెనవేలు నల్లబడింది, షుగరు పుండు. ఆ వారంలో వేలు తీసేయకపోతే కాలికే మోసమని డాక్టరు చెప్పి రెండు రోజులైంది. మేమేమో గుడిలో కూర్చున్నాం, పూవు అడగడానికి.

మా వాళ్లు ఏ పెద్ద పనికైనా అమ్మవారిని పూవు అడుగుతారు. తెల్ల గన్నేరు ఒక ఆకులో, ఎర్ర గన్నేరు ఇంకో ఆకులో పొట్లం కట్టి అమ్మ ముందు వేస్తారు. ఒకటి తీస్తారు. తెల్లదొస్తే పని చెయ్యాలి, ఎర్రదొస్తే మానుకోవాలి. పొట్లాలు కట్టడం ఇంటి పెద్ద ఆడదాని పని. అంటే నాది.

అంతకుముందు రెండేళ్లలో మూడుసార్లు అడిగాం. బోరు వేయాలా అంటే తెల్లది వచ్చింది. ఎంత లోతు పోయినా దుమ్మే లేచింది. కొడుకు తిరుప్పూరులో బనియన్ల యూనిట్ పెట్టాలా అంటే తెల్లది. ఆరు నెలల్లో మూతపడింది. ఆవును కొనాలా అంటే తెల్లది, ఈనకుండానే చచ్చింది. అయినా శుక్రవారం తప్పకుండా దీపం పెట్టాను. పెడుతూనే లోపల తిట్టాను. ఈసారీ తెల్లదే ఇస్తుంది, కోతకు పంపమంటుంది, ఈయన కత్తి కిందే పోతాడు అనుకున్నాను. అందుకని గుడి వెనక కుళాయి దగ్గర కూర్చుని రెండు ఆకుల్లోనూ ఎర్రపూవే పెట్టి నారతో కట్టాను.

మామూలుగా చిన్నపిల్లతో తీయిస్తారు. ఆ రోజు ఆయన ఒప్పుకోలేదు.

“కాలు నాదప్పా, నేనే అడుగుతా,” అని కుంటుకుంటూ పోయి ఒకటి తీశాడు. పూజారి విప్పాడు. ఎర్రది.

“అమ్మ వొద్దంటుండాది,” అన్నాడు మా ఆయన. మొహం తేటబడింది.

“నేను అప్పుడే సెప్పలా తమ్ముడూ? కొయ్యకుంటే ఆ డాక్టరుకు పొద్దుపోదు,” అంది ఆయన అక్క.

మా కోడలు మాత్రం, “ఇంకోటీ విప్పి సూద్దాం అత్తా,” అంది.

“ఏమే, అమ్మకే పరీక్ష పెట్టేంత దానివైతివా? మీ ఇంట్లో ఇదేనా నేర్పింది?” అన్నాను. ఆ పొట్లం తీసి కొంగున ముడేసుకున్నాను.

“పొద్దున్నుంచీ ఆస్పత్రి, ఆస్పత్రి. సాలు, నోరు మూసుకో,” అని కొడుకు ఆమెనే కసిరాడు. ఆ పిల్ల తల వంచుకుంది. నాకు హాయిగా అనిపించింది. అదీ రాయాలి.

రెండు నెలలు ఆకుపసరు కట్టాం. చివరికి ఆస్పత్రిలో కాలు మోకాలి కిందికి తీసేశారు. మత్తు దిగి కళ్లు తెరవగానే ఆయనన్న మాట, “నా పాపమేదో ఉండాదిలే. లేకుంటే అమ్మ అట్లా సెప్పదు.”

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ పాపమేదా అని ఆయన వెతుక్కున్నాడు. వయసులో ఉన్నప్పుడు పక్క పొలం నీళ్లు దొంగతనంగా మళ్లించుకున్నాడట. కర్రల మీద ఆ ఇంటికి పోయి, తన కొడుకు వయసు వాడికి చేతులెత్తి మొక్కి తప్పయిందన్నాడు. ఆయన పడిపోకుండా భుజం పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

అరవై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంట్లో మాట తెలుగే అయినా, మా ఆయనకు చదవడానికి తమిళమే వచ్చు. ఆ ధైర్యంతోనే ఇది తెలుగులో రాయగలిగాను. కోడలికి తెలుగు చదవడం వచ్చు. ముందు ఆమె చేతికే ఇస్తాను. మామకు చదివి వినిపిస్తానంటే అడ్డుపడను.

ఆ రోజు గుడిలో ఉన్నది మా ఆయన, ఆయన అక్క, మా కొడుకు, కోడలు, పూజారి, నేను. వొద్దన్నది అమ్మ కాదు, నేనే.