సీరియస్ అంటే ఎవరూ నమ్మలేదు

మా వైపు ఫోన్లో చావుకబురు చెప్పరు. మనిషి పోయినా "సీరియస్ ఉన్నది, జల్దీ రారి" అంటారు. వచ్చేవాళ్ల గుండె దారిలో ఆగిపోకూడదని ఆ దయ. నాకది ఎప్పుడూ నచ్చలేదు. చావును చావు అనలేని నోరు రేపు ఏ నిజాన్నీ అనలేదని సభల్లో గొంతు చించుకున్నాను.

ఆ రోజు మా చిన్నమ్మ, బీదర్‌లో చిద్రిలోని మా ఇంటికి మమ్మల్ని చూడవచ్చి, నెత్తురు కక్కుకుని పడిపోయింది. కడుపులో పుండు పగిలిందన్నాడు బీదర్ ఆసుపత్రి డాక్టరు. సీరియస్, రక్తం ఇచ్చేవాళ్లను పిలిపించండి అన్నాడు. నా వయసుకు రక్తం తీసుకోరు. భాల్కి దగ్గర ఊళ్లో ఉన్న ఆమె కొడుక్కి ఫోన్ చేశాను.

"తమ్మీ, అమ్మకు సీరియస్ ఉన్నది. నలుగురిని జమ చెయ్యి, జల్దీ."

ఏడుస్తూ ఫోన్ పెట్టేశాడు.

భాల్కి బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. తెలిసిన ముఖం ఒక్కటీ దిగలేదు. నర్సు వచ్చి "ఎవరైనా వచ్చారా?" అని అడిగిన ప్రతిసారీ గేటు దాకా పోయి చూసి వచ్చాను. మళ్లీ ఫోన్ చేశాను.

"అందరు ఇంటికాడ్నే కూసున్నరన్నా. ఎప్పుడు తోల్కొస్తరు?"

"ఎవర్ని?"

"అమ్మను."

"అరే, బతికున్నదిరా! నెత్తురియ్యాలె, దవాఖానకు రా!"

"నాకు ధైర్యం చెప్తున్నవన్నా. బాపు పోయిన్నాడు గూడ గిట్లనే అన్నరు."

ఎంత అరిచినా వాడు నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? అబద్ధానికి అలవాటు చేసిన మాటతోనే వాడికి నిజం చెప్పాను.

నర్సును బతిమాలి ఫోన్ చిన్నమ్మ చెవి దగ్గర పెట్టాను. కళ్లు తెరవకుండానే కొడుకు ఏడుపు విన్నది.

"ఎవల్రా సచ్చింది?"

అవతల ఏడుపు టక్కున ఆగింది.

"బర్రెకు నీళ్లు వెట్టినవా?" అంది సన్నగా.

"అమ్మా! వస్తున్ననే, బర్రెది తర్వాత."

వాళ్లు వచ్చేదాకా ఆమె ఛాతీనే చూస్తూ కూర్చున్నాను. అది లేవడం కాస్త ఆలస్యమైతే నేను కుర్చీలోంచి లేచిపోయేవాణ్ని. గోడ మీద గడియారం వైపు చూడలేదు, చూస్తే భయం.

చివరికి బండ్ల మీద వచ్చారు. తమ్ముడి వెనుక దిగినాయన వరసకు మామ, వయసుకు నాకన్నా చాలా చిన్న. అతని చేతిసంచిలోంచి బంతిపూల దండ తొంగిచూస్తోంది.

"మామా, ముందుగాల దాన్ని బయట వెట్టి రా," అన్నాను. పెట్టి వచ్చాక, చొక్కా చెయ్యి పైకి మడవమన్నాను.