అమ్మ ఆమెన్, నాన్న నాటుకోడి

అమ్మ కుడిచేతికి కట్టు పడిన నెలలోనే పాస్టర్ అయ్యగారు మా ఇంటికి భోజనానికి వస్తానన్నారు. ఉప్పల్‌లో ఆదివారం ఆరాధన కాగానే నేరుగా నాచారం వచ్చేస్తారట. నాటుకోడి అంటే ఆయనకు ప్రాణమని సంఘంలో అందరికీ తెలుసు. నేను ఆర్డర్ పెడదామన్నాను. రైల్వేలో రిటైరైన మా నాన్న, అప్పటిదాకా టీ తప్ప ఏదీ కాచి ఎరగని మనిషి, నావైపు అదోలా చూశాడు.

"అయ్యగారికి డబ్బాల కూర పెడ్తవా? నేనొండుతా."

పాస్టర్‌కి వండటం కోసం ఆ ఆదివారం మేం ముగ్గురం చర్చి ఎగ్గొట్టాం. ఇది పాపమా కాదా అని నాకు అనుమానం వచ్చింది కానీ, అడిగితే ఉల్లిగడ్డలు కోయమంటారని ఊరుకున్నాను. ఎలాగూ నాతోనే కోయించారు.

నాన్న పొద్దున్నే చెంగిచెర్ల వెళ్లి కోడిని కొట్టించుకొచ్చాడు. అమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుంది.

"ఉల్లిగడ్డ ఎర్రగ గానియ్యున్రి. గప్పుడే అల్లం ఎల్లిగడ్డ ఎయ్యకున్రి. ఏసిన్రా? ఏసిన్రు."

"నీకు చెయ్యి ఇరిగింది గని నోరు ఇరగలే," అన్నాడు నాన్న.

"నోరు గూడ ఇరిగితే ఇయ్యాల అందరం పస్తే."

ఎండుకొబ్బరి, ధనియాలు, గసగసాలు వేయించి నేను మిక్సీ పట్టాను. ఆ ముద్ద పడ్డాక కూర రంగు తిరిగింది కానీ ముక్క ఉడకలేదు. ముదురు కోడి. కుక్కర్‌కి నాన్న ఒప్పుకోలేదు. ఇంకాసిని నీళ్లు పోసి మంట పెంచాడు. అప్పుడే బెల్ మోగింది.

అయ్యగారు వస్తూనే ప్రార్థన చేద్దామన్నారు. చిన్నదే అనుకుని, స్టవ్ కట్టేయకుండానే కళ్లు మూసుకున్నాం. ఆయన అమ్మ చేయితో మొదలుపెట్టారు. ఎముకలు, నరాలు, కట్టు కట్టిన డాక్టరు, డాక్టరు కుటుంబం. తర్వాత నా పెళ్లి. దానికున్న అడ్డంకుల్ని ఒక్కొక్కటే తొలగిస్తుండగా మాడు వాసన వచ్చింది.

ఒక కన్ను తెరిచాను. నాన్న కూడా ఒంటి కన్నుతో నన్నే చూస్తున్నాడు. నువ్వెళ్లంటే నువ్వెళ్లని కనుబొమలతోనే పోట్లాడుకున్నాం. నా పెళ్లి కోసం జరుగుతున్న ప్రార్థనలోంచి నేనెలా లేచి వెళ్తాను? ఈలోగా అయ్యగారు నారపల్లిలో కట్టబోయే మందిరం దగ్గరికి చేరారు. దాని తర్వాత దేశ నాయకులుంటారని మాకు అనుభవం.

అమ్మ ఊపిరి పీల్చుకుని, "ఆమెన్" అంది. కింద వాచ్‌మన్‌కి కూడా వినపడే ఆమెన్. అయ్యగారు మాట మధ్యలో ఆగి, అలవాటు కొద్దీ తనూ ఆమెన్ అన్నారు. నాన్న వంటింట్లోకి పరిగెత్తాడు.

అడుగు నల్లగా అంటుకుపోయింది. పైదంతా ఇంకో గిన్నెలోకి వంచి, కొత్తిమీర దండిగా చల్లి పెట్టాం. అయ్యగారు మొదటి ముక్కను చాలాసేపు నమిలారు. మేం ఆయన దవడనే చూస్తూ నిలబడ్డాం.

"బొగ్గుల మీద వండిన్రా బ్రదర్? మస్తు వాసనుంది."

"అవునయ్యగారు, కుంపటి మీద," అన్నాడు నాన్న, ప్రార్థన తడి ఇంకా ఆరకముందే.

మా ఫ్లాట్‌లో కుంపటి లేదు. అమ్మ దగ్గింది. అయ్యగారు మళ్లీ మళ్లీ వడ్డించుకుని, క్రిస్మస్ విందుకి సంఘమంతటికీ కూర నాన్నే వండాలని అక్కడే తేల్చేశారు. నాన్న కాదనలేకపోయాడు.

ఆయన వెళ్లాక అమ్మ ఎడమచేత్తో స్పూన్ పట్టుకుని తినడానికి కూర్చుంది. "ముక్క జర గట్టిగుంది గని, ఉప్పు మంచిగ పడ్డది," అంది. పెళ్లయ్యాక నాన్న వంటకు ఆమె ఇచ్చిన మొదటి మార్కులు అవి. నాన్న గిన్నెలో వెతికి, మెత్తగా ఉడికిన ముక్కలు ఏరి ఆమె కంచంలో వేశాడు.