ఇక్కడ మనిషున్నారు

కారు సీటుకి పక్కవైపు ఒక కుట్టు ఉంటుంది. మిగతా కుట్లన్నీ ఏళ్ళతరబడి నిలవాలని వేస్తారు, దీన్ని మాత్రం తెగాలని వేస్తారు. బండి దేన్నైనా గుద్దుకుంటే లోపలి ఎయిర్‌బ్యాగ్ ఆ కుట్టు చీల్చుకునే బయటికి రావాలి. అందుకని దానికి దారం వేరు, మిషను వేరు. ఒక కార్ల ఫ్యాక్టరీలో అయితే మనుషులు కూడా వేరే. సీట్లు కుట్టే విభాగాన్ని అక్కడ సీట్ల షాపు అంటారు, అందులో ఆ మిషన్ల ముందు కూర్చునేవాళ్ళంతా కాంట్రాక్టు వాళ్ళు. పర్మనెంటు వాళ్ళకి నీలం చొక్కా, పెద్ద గేటు. వీళ్ళకి బూడిదరంగు చొక్కా, పక్క గేటు.

సీట్లక్కది నీలం చొక్కా. ఆమె కోడలిది బూడిదరంగు.

సీట్లక్కకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాంతో పిలిచేవాళ్ళు లేరు. వయసులో ఉండగానే మొగుడు పోయాడు. చంటిపిల్లాణ్ణి పక్కింట్లో అప్పజెప్పి ఆ షాపులో చేరింది. రెక్సిన్ కుట్టీ కుట్టీ బొటనవేలి గోరు వంకర తిరిగింది. నోరు మాత్రం వంకర తిరగలేదు. ఆ నోరు చూసే జనం ఆమెని యూనియన్‌కి కార్యదర్శిని చేశారు. "అక్కా, నీ నోటికి ఏ దారం వేశారే?" అని పక్క మిషను వాళ్ళు ఆటపట్టిస్తే, "తెగనిది" అనేది. పిల్లాడు పెద్దవాడై లారీ తోలుతూ ఊళ్ళు తిరుగుతున్నాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. పొద్దున్నే కలిసి బయల్దేరి ఫ్యాక్టరీ గోడ దాకా వచ్చి, అక్కడ విడిపోయేవాళ్ళు. అదేమిటని సీట్లక్క ఏనాడూ అనుకోలేదు. అలవాటైన గోడ కంటికి కనబడదు.

బళ్ళు అమ్ముడుపోని కాలం వచ్చింది. ఎందుకొచ్చిందో దాచేదేం లేదు. జనం చిన్న బండి అడుగుతుంటే, పైవాళ్ళు అద్దాల గదిలో కూర్చుని ఏనుగంత బండి గీశారు. "కొన్నవాడు ఇంటి ముందు ఎక్కడ పెట్టుకుంటాడండీ?" అని సీట్లక్క అప్పట్లోనే అడిగింది.

"అది మేం చూసుకుంటాం. మీరు సీట్లు చూసుకోండి" అన్నాడు మేనేజరు.

ఏనుగులు యార్డు నిండా నిలబడిపోయాయి. దుమ్ము పట్టి అన్నీ ఒకే రంగుకొచ్చాయి. టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది. అప్పుడు అదే మేనేజరు యూనియన్‌ని పిలిచి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "మనం నష్టాల్లో ఉన్నాం. మనందరం త్యాగం చెయ్యాలి."

"చిత్రంగా ఉందండీ" అంది సీట్లక్క. "బండి గీసినప్పుడేమో 'మేం'. గడ్డి మొలిచాక 'మనం'."

గదిలో అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు.

బేరం రోజుల తరబడి సాగింది. జీతాల పెంపు వదులుకున్నారు, టీ వదులుకున్నారు, బస్సు వదులుకున్నారు. ఒక్కచోట మాత్రం సీట్లక్క బల్ల మీద చెయ్యి పెట్టి కదల్లేదు. "మన కార్మికులెవరినీ తియ్యం అని రాయండి. 'మన' అన్న మాట ఉండి తీరాలి. ఇన్నాళ్ళూ మీరు వాడుకున్న మాటే కదా, ఇప్పుడు మాకూ పనికిరానివ్వండి."

మేనేజరు వెంటనే సరేనన్నాడు. అడిగీ అడగ్గానే అవతలివాడు ఒప్పుకున్నాడంటే, ఎక్కడో మోసపోయింది మనమేనని బజారులో కూరగాయలు కొనే ఎవరికైనా తెలుసు. సీట్లక్కకీ తెలుసు. ఆ గదిలో మాత్రం గుర్తు రాలేదు. సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అంది. "మనం గెలిచాం అమ్మాయ్."

కోడలు గిన్నెలు తోముతోంది. "మనమంటే?"

"మనమంటే మనమే."

మర్నాడు పొద్దున పెద్ద గేటు దాటబోతూ సీట్లక్క గోడవైపు చూసింది. పక్క గేటు మూసి ఉంది. రోడ్డు మీద బూడిదరంగు చొక్కాలు గుంపుగా నిలబడ్డాయి. వాచ్‌మన్ అందరికీ ఒకే పాట పాడుతున్నాడు. "మీ కాంట్రాక్టరుకి పని లేదట. నన్నడక్కండి."

సీట్లక్క వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో వచ్చింది. "ఏమైంది?"

"ఏముందత్తయ్యా" అంది కోడలు. "మేం కంపెనీ కార్మికులం కాదట. కాంట్రాక్టరు కార్మికులమట."

"మన కార్మికులెవరినీ తియ్యరని నేను రాయించాను కదే. నా చేత్తో సంతకం పెట్టాను."

"ఆ 'మన'లో మేమున్నామో లేదో అడిగారా?"

తెగని దారం వేసిన నోరు నీళ్ళు నమిలింది.

"నేను రోజూ వేసే కుట్టే కదత్తయ్యా. తెగడానికే వేశారు మమ్మల్ని. బండికి దెబ్బ తగిలింది, తెగాం. మీరు బాధపడకండి. దారం పని దారం చేసింది."

ఆ మాటలో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండునని సీట్లక్కకి అనిపించింది.

నేరుగా మేనేజరు గదికెళ్ళింది. "మన అంటే అందరూ అనుకున్నానండీ."

"అనుకోవడం మీ ఇష్టం అమ్మా. కంపెనీ హాజరు పట్టీలో ఎవరుంటే వాళ్ళే మనవాళ్ళు."

"మరి త్యాగం చెయ్యాలన్న మనంలో వాళ్ళున్నారా, లేరా? టీ వాళ్ళకీ ఆపారుగా."

మేనేజరు ఫోను తీసి చూసుకున్నాడు.

మెట్ల మీద యూనియన్ అధ్యక్షుడు ఎదురొచ్చాడు. "వదిలెయ్యక్కా. మనవాళ్ళు ఒడ్డున పడ్డారు, అదే పదివేలు. అయినా, ఇంట్లో మనిషికి తగిలింది కాబట్టి గొడవ చేస్తోందంటారు నిన్ను."

"అననీ. నిజమే కదా. ఇంటిదాకా వస్తేగానీ నాకు కనబడలేదు. సిగ్గుపడాల్సిందే. సిగ్గుపడి ఊరుకోమంటావా?"

అతను పక్కకి జరిగి దారిచ్చాడు.

షాపులోకెళ్ళేసరికి ఆ వరస మిషన్లన్నీ ఖాళీగా ఉన్నాయి. సూపర్‌వైజరు తలొంచుకునే చెప్పాడు. "అక్కా, ఇవాళ్టి నుంచి ఈ మిషను నీది. పైనుంచి ఆర్డరు. నన్నేమనకు."

అది కోడలి మిషను. రోజంతా సీట్లు కుట్టే మనిషికి కంపెనీ ఇచ్చింది ఇనుప స్టూలు. దాని మీద కోడలు పారేసే రెక్సిన్ ముక్కలతో ఒక మెత్త కుట్టుకుంది. కూర్చునీ కూర్చునీ అది మధ్యలో కాస్త గుంటపడింది.

సీట్లక్క ఆ గుంటని చూసింది. కూర్చోలేదు. నడుముకి దోపుకున్న రుమాలు తీసి, బస్సులో సీటు ఆపేవాళ్ళలా, ఆ మెత్త మీద పరిచింది.

"ఇక్కడ మనిషున్నారు" అంది.

"అక్కా, మనుషులు బయటున్నారు."

"వస్తారు."

వెళ్ళి తన మిషను ముందు కూర్చుంది. తర్వాత ఒకామె లేచి పక్క స్టూలు మీద తన రుమాలు వేసింది. ఇంకొకతను మెడలో తువ్వాలు తీశాడు. మధ్యాహ్నానికి ఆ వరసంతా రంగురంగుల గుడ్డలు పరుచుకున్నాయి. ఆ కుట్టు లేనిదే ఏ సీటూ పూర్తికాదు, సీటు లేనిదే బండి లేదు. అక్కడక్కడ కొందరు "మన ఉద్యోగాలకీ నీళ్ళొదులుతోంది" అని గొణిగారు. గొణిగినవాళ్ళు కూడా ఆ గుడ్డలు తీసి కూర్చోలేదు. చివరికి ఒక బండి సీట్లు లేకుండానే లైను చివరికొచ్చింది. డ్రైవరు తిరగేసిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని దాన్ని యార్డుకి తోలాడు. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు.

లైను ఆగింది. బెదిరింపులు వచ్చాయి. ఇంకా అమ్ముడుపోతున్న పాత చిన్న బండికి కూడా సీట్లు లేక డీలర్ల ఫోన్లు మొదలయ్యాక పక్క గేటు తెరిచారు. బూడిదరంగు చొక్కాల్ని లోపలికి పిలిచారు, మళ్ళీ కాంట్రాక్టు మీదే. సీట్లక్కని సస్పెండ్ చేశారు. పని ఆపించిందని ఆమె మీద విచారణ వేశారు. ఏనుగంత బండి గీసి వేలమంది బతుకులు యార్డులో ఎండబెట్టినవాళ్ళ మీద ఏ విచారణా లేదు. వాళ్ళలో ఒకరికి ప్రమోషన్ వచ్చిందని నోటీసు బోర్డులో అంటించారు. బాధ్యత అనే మాట ఆ ఫ్యాక్టరీలో ఎప్పుడూ కిందివాళ్ళ మీదకే జారేది.

పిలుపొచ్చిన పొద్దున కోడలు చొక్కా వేసుకుని గుమ్మంలో ఆగిపోయింది. "మీ సీటు పోగొట్టుకుని నా సీటు నిలబెట్టారు. ఎలా వెళ్ళనత్తయ్యా?"

"నడిచి వెళ్ళు. బస్సు ఆపేశారుగా. అక్కడ నా రుమాలుంది, మర్చిపోకుండా పట్రా."

ఆ రోజంతా సీట్లక్క ఇంట్లో ఏ పనీ తోచక, ఉన్న దిండ్ల గలీబులన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. సాయంత్రం కోడలు వట్టి చేతులతో వచ్చింది.

"రుమాలేదమ్మాయ్?"

"మీ స్టూలు మీద వేసొచ్చాను" అంది కోడలు, చెప్పులు విడుస్తూ. "కొత్తామె ఎవరో కూర్చోబోయింది. చెప్పాను, ఇక్కడ మనిషున్నారని."