దొర సమాధికి సున్నం

దొరవారిసత్రం దగ్గరి మిషను పేటలో రెబెక్కమ్మను పిల్లికళ్ళమ్మ అనేవాళ్ళు. ఆ కళ్ళు తాత లుద్విగ్ దొరవి. జర్మనీ నుంచి వచ్చి, ముప్పయ్యేళ్ళు ఊరందరి పాపాలూ కడిగి, ఇక్కడే పోయిన పాదిరి ఆయన. ఆయనకు వండిపెట్టిన పేరమ్మ ఈమె అమ్మమ్మ. సంగతి తెలియనివాళ్ళు లేరు. మొహం మీద అనేవాళ్ళు కొందరు, చాటుగా అందరూ.

రెబెక్కమ్మ మాత్రం తల దించుకోలేదు. ఏటా సమాధుల పండగకు బకెట్టుడు సున్నం కలిపి దొర సమాధికి రెండు పూతలు వేసేది. మిగిలితే అమ్మమ్మ మట్టిదిబ్బ మీద చల్లాలనుకునేది. ఏ ఏడూ మిగల్లేదు. పేరమ్మ బతికుండగా దొర సమాధి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఉప్పు తిన్న విశ్వాసం లేదని ముసలిదాని మీద మనవరాలికి కోపం.

1962లో దొర తమ్ముడి మనవడు వంశవృక్షం రాసుకోవడానికి వస్తున్నాడని పాస్టరు జీవానందం చెప్పాడు. ఆ కాగితంలో తన తల్లి మరియమ్మ పేరు ఎక్కాలి. రెబెక్కమ్మకు కావలసింది అంతే. యాభై ఏళ్ళుగా పడ్డ మాటలకు అదే జవాబు.

అతను వచ్చి కాగితం బల్లమీద పరిచాడు. దొర పేరు కింద ఖాళీ. పాస్టరు ఇంగ్లీషులో నసుగుతూ విషయం చెప్పాడు. అతనివీ అవే పిల్లికళ్ళు. రెబెక్కమ్మను ఒకసారి చూసి, రుజువుందా అన్నాడు.

"అమ్మ బాప్తీస్మం పుస్తకం తీయండయ్యగారూ. దొర తన చేత్తోనే రాసినాడంట. దేవుడి మనిషి అబద్ధం రాస్తాడా?"

"వద్దులే రెబెక్కమ్మా, ఇప్పుడెందుకు ఆ పాత పుస్తకం" అన్నాడు జీవానందం. ఆ పేజీ ఆయన చూసే ఉన్నాడు. ఆమె పట్టు వదల్లేదు.

చివరికి తెచ్చి, గొంతు తగ్గించి చదివాడు. "బిడ్డ మరియమ్మ. తల్లి పేరమ్మ, వంటమనిషి. తండ్రి ఎవరో తెలియదు." కింద దొర సంతకం.

తెలుగు రాని ఆ మనిషి సంతకం చూసి మురిసిపోయాడు. పెద్దతాత చేతిరాత దొరికిందని నాలుగు ఫొటోలు తీసుకుని జీపెక్కాడు.

పండగనాడు రెబెక్కమ్మ బకెట్టు పట్టుకుని దొర సమాధి దాటి వెళ్ళింది. గోడవారన తుమ్మ కింద పాత దిబ్బలు పాతిక దాకా చదునైపోయి ఉన్నాయి. పేరమ్మది ఏదో తెలియలేదు.

"మా అమ్మమ్మది ఏదయ్యా?"

"నేనొచ్చి ఆరేళ్ళే గదమ్మా" అన్నాడు జీవానందం. "అన్నిటి మీదా చల్లు."

"ఆ దొర రాయికి నలభై ఏళ్ళు పూసినానయ్యా. నన్ను సాకినదాన్ని పోగొట్టుకున్నా."

కొంగు బిగించి మొదటి దిబ్బ దగ్గర కూర్చుంది. సున్నం ఆరు దిబ్బలకే వచ్చింది.