సివంగి ముందు చాచిన చేతులు

మొన్న శుక్రవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, మావయ్య పోయాడని చెప్పింది. కల్లంలో మిరపకాయలు తిరగేసి వచ్చి, గుర్రపు కొట్టం ముందు మంచం మీద కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడట. నేను చిలకలూరిపేటలో బస్సు దిగి ఊళ్లోకి వెళ్లేసరికి వాకిలి నిండా జనం.

అమ్మకు ఆయన ఒక్కగానొక్క అన్న. పట్నంలో గుర్రపు పోలీసుగా చేసి, రిటైరయ్యాక ఒక ఆడగుర్రాన్ని కొనుక్కుని ఊరికి వచ్చాడు. అందరూ ట్రాక్టర్లు కొంటుంటే ఈయన గుర్రాన్ని కొన్నాడని ఊరంతా నవ్వింది. ఈగ వాలినా తోక కదపడానికి బద్ధకించే ఆ గుర్రానికి సివంగి అని పేరు పెట్టి, ఆ నవ్వుకు ఇంకాస్త పని కల్పించాడు.

డిగ్రీ చదివే రోజుల్లో స్వారీ నేర్పమని ఆయన వెంటపడ్డాను. "ముందు దిగడం నేర్చుకోవే. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు" అన్నాడు. అన్నట్టే చాలా రోజులు ఎక్కించి దింపడంతోనే సరిపోయింది. గుర్రం వెనక నుంచి వెళ్లకూడదు, ఎడమ భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లాలి. జీను పట్టీ బిగించేటప్పుడు అది పొట్ట ఉబ్బించి మోసం చేస్తుంది కాబట్టి కాస్త నడిపించి మళ్లీ బిగించాలి. రికాబులో పాదమంతా దూర్చకూడదు, పడితే కాలు ఇరుక్కుని ఈడ్చుకుపోతుంది. నేను కిందకు చూసినప్పుడల్లా, నేల ఎక్కడికీ పారిపోదులే, ముందుకు చూడమనేవాడు. చెప్పిందే చెప్పడం ఆయనకు విసుగు కాదు. నాకే విసుగొచ్చేది.

మిరప కోతల్లో ఒకరోజు, పొద్దుటి నుంచి కల్లంలో తాలుకాయలు ఏరుతూ, నేను ఎదురుచూస్తున్నానని గుర్తొచ్చి హడావిడిగా వచ్చాడు. తనే సివంగికి కళ్లెం వేశాడు. నేను ఎక్కానో లేదో అది తల విదిలించి, నురగ కక్కుతూ ముందుకాళ్లు లేపింది. కింద పడ్డాను. మణికట్టు విరిగింది. పరిగెత్తుకొచ్చినవాళ్లు గుర్రానికి పిచ్చెక్కిందన్నారు. మావయ్య తన వేలు నాలుక మీద పెట్టుకుని చూసుకున్నాడు. మొహం పాలిపోయింది.

"దాన్నేం అనకండి. కారం చేతులతో దాని నోట్లో ఇనుము పెట్టింది నేను" అన్నాడు అందరి ముందూ. ఆటో వచ్చేలోపు కళ్లెం తీసి, దాని నోరు నీళ్లతో కడిగాడు. తప్పును అలా వెంటనే నెత్తిన వేసుకున్న పెద్దమనుషులు నాకు మళ్లీ ఎక్కువమంది తారసపడలేదు.

అమ్మ ఊరుకోలేదు. గుర్రం ఉన్నంతకాలం ఆ గడప తొక్కనని అన్నకు తేల్చి చెప్పేసింది. చెల్లెలి మాట కాదనలేక, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే పొన్నూరు మనిషికి ఆయన కబురు పెట్టాడు. అతను వచ్చేనాటికి నా కట్టు విప్పి ఎన్నాళ్లో కాలేదు. సివంగి వెళ్లిపోవడం కళ్లారా చూడ్డానికి వచ్చిన అమ్మ వీధిలోనే నిలబడింది. మళ్లీ ఎక్కాలంటే నాకు భయమే. కానీ బ్యాండు మోతల మధ్య సివంగిని తలచుకుంటే ఏడుపొచ్చింది. బకెట్టుతో నీళ్లు తెచ్చుకుని, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కున్నాను. కళ్లెం నేనే వేసి ఎక్కాను. సివంగి కొట్టం చుట్టూ బుద్ధిగా నడిచింది. మావయ్య నేర్పినట్టే దిగాను. ఆ దిగడం చూశాకే కాబోలు, అమ్మ గడప దాటి లోపలికి వెళ్లి, పొన్నూరు మనిషికి కాఫీ కలిపి ఇచ్చి పంపేసింది.

అప్పటి నుంచి కొట్టం గుంజ దగ్గర బకెట్టు, సబ్బు ఎప్పుడూ ఉండేవి. ఎంతటివాళ్లయినా కడుక్కోవాల్సిందే. ఆ తర్వాత మావయ్య రెండు అరచేతులూ సివంగి ముందు చాచేవాడు. అది వాసన చూసి ఒప్పుకుంటేనే కళ్లెం. "మనల్ని మోసేది అదే కదే. అడిగి ఎక్కాలి" అనేవాడు.

శుక్రవారం జనమంతా కల్లాల నుంచి నేరుగా వచ్చారు. డప్పుల మోతకు సివంగి బెదిరి తాడు లాగుతోంది. ఇప్పుడది ముసలిది. ఎవరో పట్టుకోబోతే అమ్మ ఆపి, తనే లేచింది. ఇన్నేళ్లలో అమ్మ దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు. బకెట్టులో పొద్దున మావయ్య నింపిపెట్టిన నీళ్లు అలాగే ఉన్నాయి. మోచేతుల దాకా కడుక్కుని, ఎడమ భుజం వైపు నుంచి "వస్తున్నానమ్మా" అంటూ వెళ్లి, రెండు అరచేతులూ చాచింది. సివంగి వాసన చూసి, మూతిని ఆ చేతుల్లో ఆనించింది. పాడె లేచి వీధి మలుపు తిరిగేదాకా అమ్మ అలాగే నిలబడి ఉంది.