సమాన దూరంలో బోరు

మా బోరుకూ చిన్నాయన బోరుకూ సమాన దూరంలో అయితేనే ఉమ్మడి బోరు వేద్దామని నాయన, చిన్నాయన ఒప్పుకున్నారు. ఎవరి బోరుకు దగ్గరైతే వాళ్ల నీళ్లు తగ్గుతాయని భయం. తాడుతో కొలిచి చూస్తే సరిగ్గా నడిమధ్యన, బోరు లారీ ఎక్కలేని పెద్ద బండ ఉంది.

"ఇంగ యాడ యేస్తాం?" అంటూ ఇద్దరూ దాని మీదే కూలబడ్డారు.

ఇంటర్లో బిందుపథం లెక్కలంటే నాకు ఒళ్లు మంట. రెండు దూరాలూ సమానమని రాసి, వర్గాలు కొట్టేస్తే ప్రతిసారీ మిగిలేది ఒక సరళరేఖే. ఆ రేఖ అప్పుడు నా కళ్లముందే పొలంలో సాగిపోయింది.

"నడిమధ్యనే ఎందుకు నాయనా? ఈడ్నుంచి తాడుకు సరిగ్గా అడ్డంగా ఎంత దూరం పోయినా రెండు బోర్లకూ సమానమే," అన్నాను.

నమ్మకం లేకుండానే, బండ దాటి ఎర్రమట్టిలో మళ్లీ కొలిచారు. రెండు తాళ్లూ సమానంగా వచ్చాయి.

చిన్నాయన పెద్దగా ఊపిరి వదిలాడు. "ఏమన్నా, ఇంత చోటు పెట్టుకొని బండ మీద కూసున్న్యామే!"