ఎదురింటి గంగామణి సబ్బులు

మా ఎదురింటి గంగామణి భర్త రెండు నెలల కిందట మస్కట్ నుంచి సెలవుకు వస్తూ పెద్ద అట్టపెట్టె నిండా సబ్బులు తెచ్చాడు. బోధన్‌లో మా గల్లీ అంతా వాటి వాసనే. మా ఇంట్లో చూస్తే మూడు కొంటే ఒకటి ఊరికే వచ్చే సబ్బు. నాకు కడుపు మండింది, దాచడమెందుకు.

"అక్కా, గిన్ని సబ్బులు ఎట్ల దాయాలె? వాసన పోవద్దు" అని ఆమె నన్నే అడిగింది. నవ్వు ఆపుకుని, కాగితాలన్నీ విప్పి బీరువా మీద గాలికి పరచమన్నాను. వాసనంతా ఎగిరిపోయి అవి కూడా మా సబ్బుల్లా అవుతాయని నా ఆశ.

ఆ నాశనం కళ్లారా చూద్దామని ఈ రోజు చాయ్ వంకతో వెళ్లాను. గుమ్మంలోనే ఘుమఘుమ.

"నువ్వు చెప్పినట్టే ఆరవెట్టిన అక్కా. రాయి లెక్క గట్టివడ్డయి. ఇదివరకు ఒక సబ్బు వారానికే కరిగేది, ఇప్పుడు ఇరవై రోజులైనా అరుగుతలేదు. దుమ్ము వడ్తదని మిగిలినయి చీరల నడుమ వెట్టిన. ఏదీ, నా కొంగు వాసన సూడు."

చూశాను. అత్తరు దుకాణమే.

వచ్చేటప్పుడు నా చేతిలో ఒక సబ్బు కూడా పెట్టింది. ఇంటికొస్తే, స్నానాల గది కిటికీలో నేను దాచిన మా సబ్బులు చెమ్మకు మెత్తబడి కాగితాలతో సహా అతుక్కుపోయి ఉన్నాయి.

వచ్చే ఏడు ఆయన షాంపూలు తెస్తాడట. వాటిని చెడగొట్టే ఉపాయం తెలిసినవాళ్లు కింద రాయండి. మేలు చేసేవి వద్దు, అవి నా నోట వాటంతటవే వస్తున్నాయి.